కుండలీకరణం లేని పూరణ: శాస్త్రీయ సంగీత ప్రదర్శనల చిత్రీకరణలో కృత్రిమ మేధ (జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత సంప్రదాయాల నేపథ్యంలో)

వ్యాససంగ్రహం:

సంగీత ప్రదర్శనలను చిత్రీకరించడం, ధ్వనిని శుభ్రపరచడం, ప్రసారానికి సిద్ధం చేయడం వంటి పనుల్లో కృత్రిమ మేధ వినియోగం పెరుగుతున్నది. ఈ సాధనాలు ఏది ముఖ్యమో, ఏది అనవసరమైన రొదో తామే నిర్ణయిస్తాయి. ఆ నిర్ణయాల వెనుక ఉన్న కొలతలు కర్ణాటక సంగీత కచేరికి గాని, ఒగ్గు కథకు గాని సరిపోయేవి కావు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలోని ప్రదర్శన సంప్రదాయాలను ఆధారంగా తీసుకొని, ఈ సాధనాల వల్ల ప్రదర్శన స్వరూపం ఎలా మారుతుందో పరిశీలించడం, శాసన పరిష్కరణలోనూ కావ్య పాఠ పరిష్కరణలోనూ స్థిరపడిన నియమాలను రికార్డింగులకు అన్వయించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: కృత్రిమ మేధ, కచేరి, ఒగ్గు కథ, గమకం, పాఠ పరిష్కరణ, మాతృక, వేములవాడ, ధర్మపురి.

1. ప్రవేశిక:

సంగీత ప్రదర్శన పాడినంతసేపే ఉంటుంది. ముగిసిన తరువాత విన్నవారి జ్ఞాపకంలోనూ, రికార్డు చేసి ఉంటే ఆ రికార్డులోనూ మిగులుతుంది. రికార్డు చేసే సాధనం మారినప్పుడల్లా మిగిలేదీ మారుతూ వచ్చింది. 1902లో గ్రామఫోను కంపెనీ కలకత్తాలో గౌహర్ జాన్ గానాన్ని రికార్డు చేసింది. ఆనాటి రికార్డు సుమారు మూడు నిమిషాలకు మించి పట్టేది కాదు. గంటసేపు సాగవలసిన రాగవిస్తారం ఆ మూడు నిమిషాలకు కుదించుకుపోయింది. మైకు వచ్చిన తరువాత సభ చివరి వరుసకు వినిపించేలా గొంతెత్తి పాడవలసిన అవసరం తగ్గింది. ఈ మార్పులన్నీ గాయకులకూ శ్రోతలకూ తెలిసే జరిగాయి. మూడు నిమిషాల రికార్డు విన్నవారెవరూ అదే పూర్తి కచేరి అనుకోలేదు.

కృత్రిమ మేధ తెచ్చిన మార్పు ఇందుకు భిన్నమైనది. అది తొలగించినదాని జాడను, చేర్చినదాని అతుకును కనిపించనివ్వదు. శ్రోత తాను వింటున్నది జరిగిన ప్రదర్శననే అనుకుంటాడు. పరిశోధకుడు కూడా అలాగే అనుకొని దానిని ఆధారంగా స్వీకరించే అవకాశం ఉంది. అందువల్ల ఈ విషయం సాంకేతిక నిపుణులకు మాత్రమే పరిమితమైనది కాదు. ప్రదర్శనను పాఠంగా భావించి పరిశీలించే సాహిత్య, సంగీత, జానపద విమర్శకులందరికీ సంబంధించినది.

2. ప్రాంతం – ప్రదర్శన సంప్రదాయాలు:

పూర్వపు కరీంనగర్ జిల్లాలో భాగాలైన జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల పరిధిలో పలు ప్రదర్శన సంప్రదాయాలు పక్కపక్కనే జీవిస్తున్నాయి. వేములవాడ చాళుక్యుల కాలం నుంచి సాహిత్య కేంద్రమైన వేములవాడలో, రాజరాజేశ్వరాలయంలో త్యాగరాజ ఆరాధనోత్సవాలు జరిపే ఆనవాయితీ ఉంది. గోదావరి తీరంలోని ధర్మపురి, నరసింహ శతకకర్త శేషప్ప కవి ఊరు. ఆ శతకంలోని సీసపద్యాలను రాగయుక్తంగా చదవడం తెలుగు పద్యపఠన సంప్రదాయంలో ఒక ముఖ్య ధార. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల చుట్టుపక్కల పల్లెల్లో ఒగ్గు కథ, శారద కథ, యక్షగానం, భజన మండలుల గానం ప్రజాజీవితంలో భాగాలు. ప్రసిద్ధ ఒగ్గు కథకుడు మిద్దె రాములు, జ్ఞానపీఠ పురస్కార గ్రహీత సి. నారాయణరెడ్డి ఇద్దరిదీ వేములవాడ సమీపంలోని హనుమాజీపేటే. శిష్ట సాహిత్యం, మౌఖిక సంప్రదాయం ఒకే ఊరి నుంచి వెలువడడం ఈ ప్రాంత స్వభావాన్ని తెలుపుతుంది.

కచేరిని శాస్త్రీయమనీ, ఒగ్గు కథను జానపదమనీ వేరు చేయడం పరిశోధనలో పరిపాటి. చిత్రీకరణ విషయానికి వస్తే ఈ విభజన అంతగా నిలవదు. చిన్న పట్టణాల్లో పెళ్ళిళ్ళను చిత్రీకరించే వీడియోగ్రాఫర్లే ఆలయ ఉత్సవాలనూ, కచేరులనూ, కథాగానాలనూ చిత్రీకరిస్తుంటారు. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి వచ్చిన ‘మై విలేజ్ షో’ యూట్యూబ్‌లో పొందిన ఆదరణ, పల్లెలో ఉండి వీడియో నిర్మాణం చేయగల సామర్థ్యానికి నిదర్శనం. కెమెరా ఒక్కటే, సాఫ్ట్‌వేర్ ఒక్కటే అయినప్పుడు, ఆ సాఫ్ట్‌వేర్‌లోని కొలత కచేరికీ కథకూ ఒకే విధంగా వర్తిస్తుంది. అందుకే ఈ వ్యాసంలో రెంటినీ కలిపి పరిశీలించడమైనది.

3. శోధన, పూరణ, ప్రక్షేపం:

రికార్డింగు మీద కృత్రిమ మేధ చేసే పనులను పాఠ పరిష్కరణ పరిభాషలో మూడు విధాలుగా విభజించవచ్చు.

మొదటిది శోధన. ఉన్నదానిలో నుంచి అక్కరలేనిదిగా భావించిన దానిని తొలగించడం, కలిసిపోయిన ధ్వనులను విడదీయడం దీని పని. రెండవది పూరణ. చెరిగిపోయిన, వినిపించని, మసకబారిన భాగాలను ఊహించి నింపడం. మూడవది ప్రక్షేపం. గాయకుడు పాడనిది పాడినట్టు, వాద్యకారుడు వాయించనిది వాయించినట్టు కొత్తగా పుట్టించడం.

వీటిలో మొదటిదానికి ప్రసిద్ధమైన ఉదాహరణ 2023 నవంబరులో విడుదలైన బీటిల్స్ బృందం పాట ‘నౌ అండ్ దెన్’. జాన్ లెనన్ ఇంట్లో క్యాసెట్టు మీద పాడుకున్న నమూనాలో గొంతు, పియానో కలిసిపోయి ఉన్నాయి. 1990లలో వాటిని విడదీయడం సాధ్యపడలేదు. యంత్ర అభ్యసనంతో గొంతును వేరుచేసి పాటను పూర్తి చేశారు. చేసిన పనిని బహిరంగంగా ప్రకటించారు కూడా. తెలుగు ప్రాంతాల్లో పాత క్యాసెట్ల మీద మిగిలిన హరికథలు, ఒగ్గు కథలు, పద్యనాటకాలు ఎన్నో ఉన్నాయి. తేమకూ దుమ్ముకూ పాడవుతున్న ఆ క్యాసెట్లను వినదగినవిగా చేయడానికి ఈ సాధనం ఎంతో ఉపకరిస్తుంది. ఒకే కెమెరాతో విశాలంగా తీసిన దృశ్యం నుంచి పలు కోణాలను కత్తిరించి కూర్చడం వల్ల, ఎక్కువమంది సిబ్బందిని పెట్టుకోలేని గ్రామీణ నిర్మాతకు ఖర్చు తగ్గుతుంది. ఈ ప్రయోజనాలను తక్కువ చేసి చూడవలసిన పని లేదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, శోధన పేరుతో మొదలైన పని తెలియకుండానే పూరణలోకీ, అక్కడి నుంచి ప్రక్షేపంలోకీ జారుతుంది. ధ్వనిని ‘మెరుగుపరిచే’ సాధనాలు కొన్ని రొదను తొలగించడంతో ఆగవు. రొద కింద ఉండి ఉంటుందని తాము ఊహించిన ధ్వనిని కొత్తగా పుట్టిస్తాయి. బయటికి వచ్చే ఫైలులో ఈ రెంటికీ తేడా తెలియదు.

4. దృశ్యం: ముఖం, చేయి, గోష్ఠి:

తనంతట తాను చట్రాన్ని సర్దుకునే కెమెరా పద్ధతులు ప్రధానంగా సమావేశాలు, ఉపన్యాసాలు, ఆటల కోసం రూపొందినవి. మాట్లాడే మనిషిని గుర్తించడం, అతని ముఖాన్ని చట్రం మధ్యలో ఉంచడం, గొంతు వినిపించిన వైపు తిరగడం వాటి సూత్రం. ఉపన్యాసానికి ఇది చాలు. కచేరికి చాలదు.

కర్ణాటక సంగీత గాయకుడు గొంతుతో పాడుతూ చేతితో తాళం వేస్తాడు. ఆదితాళంలో ఒక చతురశ్రజాతి లఘువు, రెండు ద్రుతాలు కలిసి ఎనిమిది అక్షరాలు. దెబ్బ, వేళ్ళ లెక్క, విసురు ఇవన్నీ తొడ మీద జరుగుతాయి. చట్రాన్ని ముఖానికీ ఛాతీకీ పరిమితం చేసే కెమెరా ఈ తాళక్రియను పూర్తిగా వదిలేస్తుంది. సంగీత విద్యార్థి రికార్డింగు చూసి నేర్చుకునేది చాలావరకు ఈ చేతి నుంచే. పల్లవిలో ఎడుపు ఎక్కడ పడిందో, అనాగతమో అతీతమో తెలిసేది ఈ చేతి వల్లనే. ముక్తాయింపుకు ముందు గాయకుడు, మృదంగ విద్వాంసుడు పరస్పరం చూసుకునే చూపు కూడా ప్రదర్శనలో అంతర్భాగం. ఒక ముఖం మీదే నిలిచిన చట్రంలో ఆ చూపునకు తావు ఉండదు. రాగాలాపనలో గాయకుని వెన్నంటి నడిచి, వంతు రాగానే తన ఆలాపన వినిపించే వయొలిన్ విద్వాంసుడు, గొంతును బట్టి తిరిగే కెమెరాకు కేవలం నేపథ్యం.

త్యాగరాజ ఆరాధనల్లో ప్రధాన ఘట్టమైన పంచరత్న కృతుల గోష్ఠిగానం ఈ సూత్రానికి గట్టి పరీక్ష. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని ఆ అయిదు కృతులను పదుల సంఖ్యలో గాయకులు, వాద్యకారులు కలిసి పాడుతారు. అక్కడ నాయకుడు లేడు. విద్వాంసుడూ విద్యార్థీ పక్కపక్కన కూర్చుంటారు. ఎవరి గొంతూ విడిగా వినిపించకపోవడమే ఆ గానం ఉద్దేశం. ఏదో ఒక ముఖాన్ని ఎన్నుకోవలసిన యంత్రం మైకుకు దగ్గరగా ఉన్న ముఖాన్నో, వెలుగు బాగా పడిన ముఖాన్నో ఎన్నుకుంటుంది. సమష్టి సేవగా జరిగినది తెరమీద కొద్దిమంది ప్రదర్శనగా కనిపిస్తుంది. ఇది సాంకేతిక లోపం కన్న లోతైనది. ప్రదర్శన అంటే ఒక వ్యక్తి అనే భావన ఆ యంత్రంలో ముందే ఉంది.

ఒగ్గు కథలో సమస్య ఇంకొక రూపం దాలుస్తుంది. ప్రధాన కథకుడు కథ చెబుతూనే పాత్రలోకి మారుతాడు, మళ్ళీ కథకుడవుతాడు. డోలు, తాళం, నపీర వాయించేవారు, వంత పాడేవారు కథకునితో కలిసి కథను నడుపుతారు. వంతవాడి ప్రశ్న లేకపోతే కథ ముందుకు సాగదు. మల్లన్న పెళ్ళి సందర్భంలో వేసే పట్నం కూడా ప్రదర్శన స్థలంలో భాగమే. కథకుని ముఖాన్ని మాత్రమే అనుసరించే కెమెరా, సంవాదాన్ని ఏకపాత్రాభినయంగా మార్చి భద్రపరుస్తుంది.

5. ధ్వని: గమకం, శ్రుతి, ‘ఇతరములు’:

ధ్వనులను విడదీసే సాధనాల్లో బాగా వ్యాప్తి చెందినవి డీజర్ సంస్థ 2019లో విడుదల చేసిన స్ప్లీటర్, ఫేస్‌బుక్ పరిశోధకులు రూపొందించిన డెముక్స్. వీటి సాధారణ విభజనలో నాలుగు గదులు ఉంటాయి: గొంతు, డ్రమ్స్, బేస్, ఇతరములు. ఈ రంగంలో ప్రమాణంగా వాడే మ్యూస్‌డీబీ18 అనే సంచయంలో 150 పాటలు ఉన్నాయి. వాటిలో అధికభాగం పాశ్చాత్య పాప్, రాక్ గీతాలు. నాలుగు గదుల విభజన ఆ సంగీతానికి సహజం.

కచేరిని ఈ గదుల్లో సర్దబోతే ఏమవుతుంది? గొంతు మొదటి గదిలోకి వెళ్తుంది. వయొలిన్ గొంతును అంటిపెట్టుకొని అదే సంగతిని వాయిస్తుంది గనుక కొంత గొంతుతో కలిసిపోయి, కొంత ‘ఇతరములు’లో పడుతుంది. మృదంగం కుడివైపు ఆధారషడ్జానికి శ్రుతి చేసి ఉంటుంది. స్వరస్థానం ఉన్న ఆ నాదం డ్రమ్ముల గదిలో ఇమడదు. మొత్తం కచేరికి ఆధారమైన తంబుర ‘ఇతరములు’లో చేరుతుంది. శ్రుతిని ఇతరముల్లో చేర్చే వర్గీకరణతో కర్ణాటక సంగీతాన్ని సంస్కరించబోవడం ఎంత అసంగతమో వేరే చెప్పనక్కరలేదు.

తంబుర విషయంలో ఇంకొక ప్రమాదం కూడా ఉంది. మాటల కోసం తయారైన రొద నివారణ పద్ధతులు, మారకుండా ఎడతెగక వినిపించే ధ్వనిని ఫ్యాను శబ్దంలాంటి రొదగా గుర్తిస్తాయి. తంబుర లక్షణం సరిగ్గా అదే. తీగ కింద ఉంచే నూలుపోగు వల్ల పుట్టే ఝుంకారం ఎడతెగకుండా సాగడం కోసమే ఆ వాద్యం ఉంది. 2020లో కొవిడ్ వ్యాప్తి కాలంలో సంగీత పాఠాలు ఆన్‌లైన్‌కు మారినప్పుడు ఈ చిక్కు విస్తృతంగా అనుభవంలోకి వచ్చింది. జూమ్ సంస్థ సంగీతకారుల కోసం రొద నివారణను పక్కనపెట్టే ప్రత్యేకమైన అమరికను అందించింది.

స్వరాన్ని సరిదిద్దే సాధనాలదీ ఇదే కథ. 1997లో వచ్చిన ఆటో-ట్యూన్ కృత్రిమ మేధ కాదు, గణిత పద్ధతి మీద నడిచే సాధనం. నేటి సాధనాలు అంతకన్న తెలివైనవే అయినా, స్థాయిని పన్నెండు సమాన భాగాలుగా విభజించి, పాడిన ధ్వనిని దగ్గరి మెట్టుకు చేర్చడమనే మూలభావన వాటిలో చాలావాటికి సామాన్యం. తోడిరాగంలో గాంధారం సాధారణ గాంధార స్థానంలో నిశ్చలంగా నిలిచేది కాదు. అటూ ఇటూ ఊగుతూ ఉంటేనే అది తోడి గాంధారం. ఆ ఊపును స్వరచ్యుతిగా భావించి తక్షణం సరిదిద్దేలా అమర్చిన సాధనం ముందు తోడి నిలవదు. శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో పదిహేను విధాల గమకాలను వివరించాడు. స్వరం కదలికే అక్కడ శాస్త్ర విషయం. యంత్రానికి ఆ కదలికే దోషంగా కనిపిస్తుంది.

అయితే ఈ పరిమితి కృత్రిమ మేధకు స్వభావసిద్ధమైనది కాదని చూపే కృషి కూడా జరిగింది. బార్సెలోనాలోని పాంపేవ్ ఫాబ్రా విశ్వవిద్యాలయంలో జేవియర్ సెర్రా నాయకత్వంలో 2011లో మొదలైన కాంప్‌మ్యూజిక్ ప్రాజెక్టు కర్ణాటక, హిందుస్తానీ సంగీతాలతో పాటు టర్కీ, చైనా, అరబ్-అండలూసియా సంప్రదాయాలను వాటి వాటి భావనల ఆధారంగానే అధ్యయనం చేయాలని సంకల్పించింది. ఆ కృషి నుంచి వెలువడిన ‘సరాగ’ సంచయంలో నిజమైన కచేరుల్లో విడివిడి మైకులతో తీసిన కర్ణాటక సంగీత రికార్డింగులు ఉన్నాయి. వేదిక మీద అందరూ దగ్గరగా కూర్చుంటారు గనుక ఒకరి మైకులోకి మరొకరి ధ్వని చొరబడుతుంది. 2023లో ఆ బృందం పరిశోధకులు ఈ చొరబాటును కచేరి సహజ పరిస్థితిగా అంగీకరించి, దానితోనే యంత్రానికి శిక్షణ ఇచ్చే పద్ధతిని ప్రతిపాదించారు. తరువాత దృశ్యాన్ని కూడా చేర్చి గాయకుల హస్తచలనాన్ని అధ్యయనం చేయడానికి వీలైన సంచయాన్ని రూపొందించారు. కెమెరా వదిలేసిన చేతిని పరిశోధన తిరిగి పట్టుకున్నదన్న మాట. సంప్రదాయాన్ని కొలతగా తీసుకుంటే యంత్రం కూడా దానికి తగినట్టు నేర్చుకోగలదని దీనివల్ల స్పష్టమవుతుంది.

ఒగ్గు కథకు, శారద కథకు ఇటువంటి సంచయం ఏర్పడవలసి ఉంది. కచేరి విషయంలో యంత్రం తప్పు చేస్తే లక్షణగ్రంథం చూపి, గురువును అడిగి, ఇది తోడి కాదని చెప్పవచ్చు. ఒగ్గు కథకుని రాగవరుసలకు అటువంటి లిఖిత లక్షణం లేదు. ప్రదర్శనే అక్కడ లక్షణం. యంత్రం నునుపు చేసిన రికార్డు ఒక్కటే మిగిలితే, రేపటి పరిశోధకుడు ఆ నునుపునే ఒగ్గు బాణీగా వర్ణిస్తాడు. అసలు నష్టం జరిగేది ఇక్కడ.

6. గుణదోష విచారణకు ఆధారం:

శార్ఙ్గదేవుడు ఇరవై అయిదు గాయక దోషాలను పేర్కొన్నాడు. అపస్వరం, స్థానభ్రష్టత వంటి ధ్వని దోషాలే గాక, పళ్ళు బిగబట్టి పాడడం, నోరు వికారంగా తెరవడం, బుగ్గలు ఉబ్బించడం, మెడ వంచడం, కళ్ళు మూసుకొని పాడడం వంటి దృశ్య దోషాలూ ఆ పట్టికలో ఉన్నాయి. పదమూడవ శతాబ్ది నాటికే గాయకుణ్ణి వినడంతో పాటు చూసి కూడా విలువ కట్టేవారని దీనివల్ల తెలుస్తుంది. చిత్రీకరణ చర్చకు ఇంతకన్న ప్రాచీనమైన ఆధారం అరుదు.

నేటి సాధనాలు ఈ దోషాల్లో చాలావాటిని చెరిపివేయగలవు. అపస్వరాన్ని సరిదిద్దగలవు, ముఖంలోని శ్రమను నునుపు చేయగలవు. చూపును కెమెరా వైపు తిప్పి చూపే సౌకర్యాన్ని ఎన్‌విడియా సంస్థ 2023లోనే అందుబాటులోకి తెచ్చింది. ఈ సవరణలు శార్ఙ్గదేవుని ఆశయాన్ని నెరవేర్చినట్టే కదా అని ఎవరైనా వాదించవచ్చు. కాని శాస్త్రకారుడు దోషాలను లెక్కించింది గాయకుడు సాధనతో వాటిని తొలగించుకోవడానికి, రసజ్ఞుడు వివేచించడానికి. రికార్డు నుంచి చెరిపిన దోషం గాయకుని గొంతులో అలాగే ఉంటుంది. రసజ్ఞునికి వివేచించే ఆధారం మాత్రం పోతుంది. గుణం కూడా అంతే. అందరి రికార్డులూ ఒకే విధంగా శ్రుతిశుద్ధంగా వినిపించినప్పుడు ఏళ్ళ తరబడి సాధన చేసి శ్రుతిశుద్ధి సాధించినవారికీ ఇతరులకూ భేదం వినిపించదు. విమర్శకు అవకాశం లేని చోట ప్రశంసకూ అర్థం ఉండదు.

7. శిల, అచ్చు, పాఠం:

ఈ సమస్యకు పరిష్కారం తెలుగు పరిశోధకులకు తెలియనిది కాదు. కరీంనగర్, జగిత్యాల మధ్య, గంగాధర మండలంలోని కురిక్యాల సమీపాన బొమ్మలగుట్ట మీద పదవ శతాబ్ది నాటి జినవల్లభుని శాసనం ఉంది. పంపకవి సోదరుడైన జినవల్లభుడు చెక్కించిన ఆ శాసనంలో సంస్కృత, కన్నడ భాగాలతో పాటు తెలుగు కందపద్యాలున్నాయి. తెలుగు ఛందశ్చరిత్రకు అది ముఖ్యమైన ఆధారం. శాసన పరిశోధకుడు మొదట శిలను చూస్తాడు, అచ్చు తీస్తాడు, తరువాత పాఠం సిద్ధం చేస్తాడు. అరిగిన అక్షరాన్ని ఊహించి నింపితే దానిని కుండలీకరణంలో ఉంచుతాడు. ఇది శిల మీద స్పష్టంగా లేదు, తన ఊహ అని చదువరికి తెలియజేయడం ఆ చిహ్నం పని. తరువాతివాడు విభేదించాలంటే శిల ఉన్నచోటే ఉంది.

తాళపత్రాలను పరిష్కరించినవారూ ఈ నియమాన్నే పాటించారు. ప్రతులు సేకరించడం, పాఠాంతరాలు అడుగున చూపడం, స్వీకరించిన పాఠానికి కారణం చెప్పడం ప్రామాణిక పరిష్కరణ లక్షణాలు. కృత్రిమ మేధతో శుభ్రపరచిన రికార్డు కూడా ఒక పరిష్కృత పాఠమే. లోపించినవి మూడు: శిల వంటి మాతృక, కుండలీకరణం వంటి గుర్తు, పాఠాంతరం.

యంత్రం వల్ల కుండలీకరణం అసాధ్యమనుకోనక్కరలేదు. ప్రాచీన గ్రీకు శాసనాల్లో చెరిగిన భాగాలను ఊహించడానికి డీప్‌మైండ్ పరిశోధకులు, చరిత్రకారులు కలిసి రూపొందించిన ‘ఇథాకా’ 2022లో నేచర్ పత్రికలో వెలువడింది. అది ఒకే పూరణను ఇచ్చి ఊరుకోదు. సాధ్యమైన పలు పూరణలను వాటి సంభావ్యతతో సహా చూపి, నిర్ణయాన్ని పండితునికి వదిలిపెడుతుంది. శాసనానికి సాధ్యమైనది సంగీతానికి సాధ్యం కాకపోదు. సంగీత సాధనాలను కొనేవారు, వాడేవారు దానిని ఇంతవరకు గట్టిగా కోరలేదు.

రికార్డు చేసే సాధనం దేన్ని వదిలేస్తే అది ఎలా పోతుందో తెలుగువారికి అనుభవం ఉంది. అన్నమాచార్య సంకీర్తనలు రాగిరేకుల మీద సాహిత్యంతోనూ రాగనామాలతోనూ దక్కాయి. స్వరరచన మాత్రం రేకులకెక్కలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలైనవారు వాటికి స్వరాలు కూర్చి తిరిగి ప్రాణం పోశారు. ఆ బాణీలు ఇరవయ్యవ శతాబ్దివని అందరికీ తెలుసు, కూర్చినవారి పేర్లూ తెలుసు. అందువల్లనే అన్నమయ్య సంగీతం గురించి నిజాయితీగా చర్చించడం సాధ్యమవుతున్నది. అదే పనిని ఒక యంత్రం చేసి, ఇదే అన్నమయ్య బాణీ అన్నట్టు పేరు లేకుండా వదిలితే ఆ చర్చకు అవకాశం ఉండేది కాదు.

8. సమ్మతి, హక్కు, గుర్తు:

ప్రక్షేపం దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న పాఠానికి మాత్రమే గాక మనిషికీ సంబంధించినదవుతుంది. 2024 జనవరిలో ‘లాల్ సలామ్’ చిత్రం కోసం ఎ.ఆర్. రెహమాన్ దివంగత గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులను కృత్రిమ మేధతో పునఃసృష్టించి, కుటుంబాల అనుమతి తీసుకున్నామనీ, పారితోషికం ఇచ్చామనీ వెల్లడించాడు. అదే సంవత్సరం, తెలుగు చిత్రం ‘కీడా కోలా’లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతును అనుమతి లేకుండా పునఃసృష్టించారంటూ ఆయన కుమారుడు ఎస్.పి. చరణ్ చట్టపరమైన నోటీసు పంపిన విషయం వెలుగులోకి వచ్చింది. 2024 జూలైలో బొంబాయి హైకోర్టు గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును కృత్రిమ మేధతో అనుకరించకుండా మధ్యంతర రక్షణ కల్పించింది.

1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శకుల హక్కును గుర్తించింది. గాయకుడు, వాద్యకారుడు మొదలుకొని గారడీవాడు, పాములవాడు వరకు ప్రదర్శకుని నిర్వచనంలో ఉన్నారు. ఆ నిర్వచనం ప్రకారం ఒగ్గు కథకుడూ కచేరి విద్వాంసుడూ చట్టం ముందు సమానులే. 2012 సవరణతో వచ్చిన 38బి సెక్షను, ప్రదర్శకుడు తన పేరు చెప్పమని కోరే హక్కునూ, తన కీర్తికి భంగం కలిగించేలా ప్రదర్శనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కునూ ఇచ్చింది. నిడివి కోసం కత్తిరించడం వికృతి కాదని అదే సెక్షను వివరిస్తుంది. పాడని సంగతిని పాడినట్టు చేర్చడాన్ని కత్తిరింపుగా సమర్థించడం కష్టం. హక్కు ఉండడం వేరు, దానిని వినియోగించుకోగలగడం వేరు. ప్రసిద్ధ గాయకుని కుటుంబం నోటీసు పంపగలదు. జాతరలో కథ చెప్పి ఇంటికి వెళ్ళిన కథకునికి తన గొంతు ఏ యంత్రానికి శిక్షణగా ఉపయోగపడిందో తెలిసే మార్గమే లేదు.

ఇక్కడ సిరిసిల్ల అనుభవం ఒక దారి చూపుతుంది. సిరిసిల్ల మరమగ్గాల పట్టణం. 2017 నుంచి రాష్ట్ర ప్రభుత్వం పంపిణీ చేసిన బతుకమ్మ చీరల్లో అధికభాగం అక్కడి మరమగ్గాల మీద నేసినవే. మరమగ్గం వేల కుటుంబాలకు అన్నం పెట్టింది. అదే సమయంలో చేనేతకు మాత్రమే చెందవలసిన వస్త్రరకాలను కాపాడడానికి 1985లో ప్రత్యేక చట్టం, చేనేత వస్త్రాన్ని గుర్తుపట్టడానికి 2006లో చేనేత గుర్తు వచ్చాయి. చూపుకు ఒకేలా ఉన్న రెండు చీరల్లో ఏది ఏదో కొనేవారికి తెలియాలన్నది వాటి భావం. చేనేతకు గుర్తు వేయడం మరమగ్గాన్ని అవమానించడం కాదు. రికార్డింగుల విషయంలోనూ ఇదే నీతి వర్తిస్తుంది. యంత్రం చేసిన భాగానికి యంత్రం పేరు, మనిషి పాడిన భాగానికి మనిషి పేరు ఉండాలి. కృత్రిమంగా పుట్టించిన దృశ్య, శ్రవ్య సామగ్రికి గుర్తు తప్పనిసరి చేయాలని కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ 2025 అక్టోబరులో ముసాయిదా నియమాలను ప్రకటించింది. అవి ప్రధానంగా మోసాన్ని నివారించడానికి ఉద్దేశించినవి. పరిశోధనకు అవసరమైన సూక్ష్మవివరాన్ని పరిశోధక సమాజమే సమకూర్చుకోవాలి.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. కృత్రిమ మేధ సాధనాలు తటస్థమైనవి కావు. ప్రదర్శన అంటే ఒక ముఖం, స్వరం అంటే నిలకడైన మెట్టు, ఎడతెగని ధ్వని అంటే రొద అనే భావనలు వాటిలో ఇమిడి ఉన్నాయి. కచేరిలోని తాళక్రియ, గమకం, తంబుర నాదం, ఒగ్గు కథలోని వంత ఈ భావనలకు బలవుతాయి.

2. లిఖిత లక్షణం ఉన్న సంప్రదాయంలో యంత్రం చేసిన మార్పును గుర్తించడానికి ఆధారం ఉంది. మౌఖిక సంప్రదాయంలో ఆ మార్పే లక్షణంగా స్థిరపడే ప్రమాదం ఉంది. అందువల్ల జానపద ప్రదర్శనల విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరం.

3. సవరణకు లోనుకాని తొలి రికార్డింగును మాతృకగా భద్రపరచాలి. వేదికనంతా, తాళం వేసే చేతిని, సహకార వాద్యకారులను చూపే కదలని కెమెరా ఒకటి తప్పనిసరిగా ఉండాలి. శాతవాహన విశ్వవిద్యాలయం, వరంగల్లులోని జానపద గిరిజన విజ్ఞాన పీఠం వంటి సంస్థలు ఈ మాతృకలకు భాండాగారాలు కాగలవు.

4. ఏ భాగంలో శోధన, ఏ భాగంలో పూరణ జరిగిందో వివరించే పట్టిక రికార్డింగు వెంట ఉండాలి. ప్రక్షేపం ఉన్న రికార్డింగును ప్రదర్శనకు ఆధారంగా స్వీకరించరాదు.

5. ఏది రొదో నిర్ణయించే అధికారం ఆ సంప్రదాయ కళాకారునిదే. గొంతును, రూపాన్ని యంత్ర శిక్షణకు వాడదలిస్తే కళాకారునికి అర్థమయ్యే మాటల్లో చెప్పి ముందుగా సమ్మతి పొందాలి.

6. ప్రదర్శనల మీద సిద్ధాంతగ్రంథాలు రాసే పరిశోధకులు తాము ఆధారపడిన రికార్డింగు మాతృకో, పరిష్కృత పాఠమో పేర్కొనాలి. తాళపత్ర ప్రతి సంఖ్యను పేర్కొనడం ఎంత అవసరమో ఇదీ అంతే అవసరం.

బొమ్మలగుట్ట శాసనంలోని ఒక అక్షరం మీద నేటికీ వాదించగలగడానికి కారణం శిల మిగిలి ఉండడం, చదివినవారు తమ ఊహకు గుర్తు పెట్టడం. వేములవాడలో నేడు పాడే కృతి గురించి, జగిత్యాల పల్లెలో నేడు చెప్పే ఒగ్గు కథ గురించి రేపటి పరిశోధకులు అలాగే వాదించుకోగలగాలి. చిత్రీకరించేవారూ, భద్రపరిచేవారూ, అధ్యయనం చేసేవారూ కలిసి ఈ నియమాలను పాటిస్తే కృత్రిమ మేధ సంప్రదాయానికి సమర్థుడైన లేఖకుడిగా ఉపకరిస్తుంది. లేకపోతే పేరు చెప్పని ప్రక్షేపకర్తగా మిగులుతుంది.